రాబందు దిగని చావు

ఒక పెద్ద అడవిలో చావులకు ఎన్నడూ కొదవ లేదు గాని, వాటికి కారణం చెప్పగలవారికి మాత్రం చాలాకాలం కొదవగా ఉండేది. జంతువులు పుట్టేవి, మేసేవి, ఒకనాడు కదలడం మానేసేవి. మిగిలినవి ఒక పూట విచారించి మళ్ళీ మేతకు వెళ్ళేవి. ఈ అనాగరిక స్థితిని తొలగించిన మహత్కార్యంలో నాకూ ఒక చిన్న భాగం ఉంది. నేను గోరువంకను. ఆ అడవి మరణాల దస్తరం రాసినదాన్ని నేనే.

దస్తరమంటే లేత టేకాకుల కట్ట. లేత టేకాకు మీద ముక్కుతో గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. ఆరిన తరువాత దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. చెరపరానిది అబద్ధం ఎలా అవుతుందని నేను వాదించేదాన్ని. అప్పటికి నా వయసు రెండేళ్ళు. నవ్వే అలవాటు లేదు. మా అమ్మమ్మ చెప్పిన కథలన్నీ కంఠస్థం చేసి, వాటిలోని నీతులను మాత్రం ఇతరుల కోసం దాచి ఉంచేదాన్ని.

సంగతంతా అడవిదున్నతో మొదలయింది. స్థూలబాహు అనే ఆ దున్న మృగరాజుకు మంత్రి. ఒక ఉదయం కొలువులో నిలబడి, అడవిలో అంతా క్షేమమని విన్నవించబోయి, క్షేమం అనే మాట సగంలో ఉండగా కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. మృగరాజు ఆ రోజంతా తన ఎడమ డొక్క మీద పంజా వేసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేలోగా ఆజ్ఞ వెలువడింది: ఈ అడవిలో గుండెలెందుకు ఆగుతున్నాయో తేల్చాలి.

గుండెను దగ్గరగా చూసిన అనుభవం రాబందులకు తప్ప ఎవరికుంది? ప్రాణం పోయిన దేహంలోకి మెడదాకా దిగి చూసేవి అవే కదా. కనుక హృదయ పరిశోధక సంఘం వాటితోనే ఏర్పడింది. వాటి పెద్ద దీర్ఘకంఠుడు అధ్యక్షుడు. బోడితల, వంగిన మెడ, మాట్లాడే ముందు కళ్ళు మూసుకునే అలవాటు, ఇవి మూడూ ఉండటం వల్ల ఆయన పాండిత్యాన్ని ఎవరూ పరీక్షించలేదు. నేను లేఖికను.

మా పద్ధతి నిర్దుష్టమైనది. ఎక్కడ చావు జరిగినా ఒక రాబందు దిగి, పరీక్షించి, నివేదిక చెప్పాలి. నేను రాయాలి. నివేదిక లేని చావును దస్తరానికి ఎక్కించకూడదు. వదంతులను అరికట్టడానికి ఈ నియమాన్ని ప్రతిపాదించింది నేనే. సభ తోకలు ఊపి ఆమోదించింది.

ఒక వర్షాకాలం గడిచింది. నూట పన్నెండు చావులు దస్తరానికి ఎక్కాయి. నూట పన్నెండింటిలోనూ నివేదిక ఒక్కటే: గుండె చుట్టూ కొవ్వు పుష్కలంగా ఉంది. కొందరు పరిశోధకులు “రుచిగా కూడా ఉంది” అని చేర్చేవారు. శాస్త్రానికి సంబంధించిన విషయం కాదు కనుక ఆ ముక్కను నేను వదిలేసేదాన్ని.

ఇంత ఏకాభిప్రాయం ఏ శాస్త్రంలోనూ ఎవరికీ దొరికి ఉండదు. నూట పన్నెండో ఆకు రాసిన రోజున నా కళ్ళు చెమర్చాయి. కొవ్వే గుండెకు శత్రువని మృగరాజు చాటించాడు. ఇప్పపూలు, ఇప్పగింజలు, తేనె, ఎముక మూలుగ నిషిద్ధమయ్యాయి. వెదురాకు ఎంతైనా తినవచ్చు.

బతికి ఉన్నవారి కొవ్వును కొలవడానికి అధ్యక్షులవారే ఒక పరీక్ష కనిపెట్టారు. రాబందు తన ముక్కుతో డొక్క పట్టి లాగుతుంది. ఎన్ని మడతలు పడితే అంత కొవ్వు. మూడు మడతలు దాటరాదని మొదట నిర్ణయించారు. నెల తిరక్కుండానే రెండుకు దించారు, ఆపైన ఒకటిన్నరకు. ఒకటిన్నర మడత ఎలా ఉంటుందని ఒక ఉడుత అడిగింది. ప్రశ్నలడగడం కూడా గుండెకు చేటేనని అధ్యక్షులు హెచ్చరించారు.

ఆదర్శంగా ఉండటానికి మృగరాజు తానే ముందు పరీక్షకు నిలబడ్డాడు. అయిదు మడతలు తేలాయి.

అధ్యక్షులు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తెరిచి, కొవ్వులో మంచిది, చెడ్డది అని రెండు రకాలున్న సంగతి తనకిప్పుడే స్ఫురించిందనీ, ప్రభువులది మొదటి రకమనీ సెలవిచ్చారు. రెండింటినీ పోల్చుకోవడం ఎలాగని నేను వినయంగా అడిగాను.

“చెడ్డ కొవ్వును లాగితే జంతువు అరుస్తుంది. మంచి కొవ్వును లాగితే లాగినవారికి భయం వేస్తుంది,” అన్నారు.

నేను దానికోసం కొత్త ఆకు తీసి, శ్రద్ధగా రాసుకున్నాను.

మితిమీరిన మడతలున్న మిగతావారు వాగు ఒడ్డున రెండు పూటలా పరుగెత్తాలన్నది శాసనం. ఆ జాబితాలో మొదటి పేరు ఇప్పమ్మది. ఇప్పమ్మ ఎలుగుబంటి. నాలుగు మడతలు. ఆశ్వయుజం ముగుస్తున్న రోజుల్లో ఆమె నా కొమ్మ కిందికి వచ్చి, చెట్టుకు వీపు ఆనించి కూర్చుంది.

“గోరంకమ్మా, నీ కట్టలోంచి నా పేరు తీసెయ్యవే. కడుపులో ఇద్దరున్నారు.”

“ఎలుగత్తా, రాసిన పేరు తీయడం నా అధికారంలో లేదు. ఇది మీ ఆరోగ్యం కోసమే,” అన్నాను.

ఆమె తన సంగతి ఓపికగా చెప్పుకుంది. మార్గశిరంలో గుహలోకి పోతుందట. అక్కడే కంటుందట. పిల్లలకు కళ్ళు తెరుచుకుని, కాళ్ళు నిలిచేదాకా వాళ్ళను విడిచి మేతకు రాదట. రెండు నెలలు ఒంట్లో దాచుకున్నదే కరిగి పాలవుతుందట. చిక్కిపోయి లోపలికి పోయిన ఎలుగులు ఒంటరిగా బయటికి రావడం తాను చూసిందట.

“నా వీపు మీద ఉన్నది కొవ్వు కాదే తల్లీ. వాళ్ళ పాలు.”

నేను దస్తరం విప్పి నూట పన్నెండు ఆకులూ ఆమె ముందు పరిచాను. వీరందరికీ కొవ్వు ఉందనీ, వీరందరూ పోయారనీ వివరించాను. ఇప్పమ్మ వాటిని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“మా అమ్మకి ఆరు మడతలు. ముప్పై వేసవులు చూసింది. దీంట్లో ఉందా?”

“బతికి ఉన్నప్పుడు ఎందుకుంటారు? ఇది మరణాల దస్తరం.”

“మొన్న వానల్లో పోయిందిగా.”

వెతికాను. లేదు. చివరి రోజుల్లో ఆమె ఎలా ఉండేదని అడిగాను.

“ఎలా ఉంటది? పళ్ళూడినై. ఎండి పుల్లయిపోయింది.”

“అయితే ఎవరూ దిగి ఉండరు. నివేదిక రాని మరణం...”

“చావు కాదంటావు.”

“శాస్త్రరీత్యా నిర్ధారణ కాలేదంటాను.”

ఇప్పమ్మ లేచి, ఒంటికి అంటిన ఆకులు దులుపుకుంది. “సరేలే. మా అమ్మ ఇక్కడే ఎక్కడో తిరుగుతా ఉండుంటది. కనపడితే నేను అడిగానని చెప్పు.”

నేను ఆ మాటకు నొచ్చుకున్నాను. చదువులేనివారికి శాస్త్రం చెప్పడంలో ఉండే కష్టాన్ని గురించి ఆ సాయంత్రం నా గూటిలో కూర్చుని నాకు నేనే ఒక ఉపన్యాసం ఇచ్చుకున్నాను. తరువాత ఇప్పమ్మ పేరు ఎదురుగా ‘రెండు పూటలా’ అని రాశాను.

పరుగులు మొదలయ్యాయి. మూడో రోజున అడవిపంది ఒకటి రొప్పుతూ పడిపోయి లేవలేదు. అయిదో రోజున ఒక కణుజు జింక, ఆ మరునాడు మరో రెండు పందులు. రాబందులు తక్షణమే దిగి నివేదికలిచ్చాయి. గుండె చుట్టూ కొవ్వు పుష్కలంగా ఉంది. పరుగు చాలడం లేదని అధ్యక్షులు తేల్చారు. పొద్దుటి పరుగును రెట్టింపు చేశారు.

కొద్ది రోజుల్లోనే ఫలితం కనిపించింది. పక్షానికి ఇరవైగా ఉన్న చావులు అయిదయ్యాయి. అయిదు రెండయ్యాయి. జంతువుల పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తేలాయి. ఆకులు నింపడానికి పని లేక నేను దస్తరానికి అంచులు కత్తిరిస్తూ కూర్చునేదాన్ని. పని లేకపోవడమే మా విజయమని గర్వించేదాన్ని.

అడవి మొత్తానికి ఆదర్శ దేహంగా ఒక చుక్కల దుప్పిని ఎంపిక చేశాము. ఆమెకు అర మడత. అందరికీ కనిపించేలా వాగు ఒడ్డున బండమీద నిలబెట్టి, పరుగెత్తేవారిని ఆమెను చూస్తూ పరుగెత్తమనేవాళ్ళం. ఒక ఉదయం ఆ బండమీదే ఆమె నా వైపు తిరిగింది.

“అక్కా, కాసేపు కూర్చోవచ్చా?”

ఆదర్శం కూర్చోకూడదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆ లోపలే ఆమె పడిపోయింది. ముక్కు దగ్గర చెవి పెట్టాను, ఛాతీ దగ్గర పెట్టాను. గుండె ఆగిపోయింది.

కొత్త ఆకు తీసుకుని రాబందు కోసం ఎదురుచూశాను. ఆకాశంలో మూడు తిరుగుతున్నాయి. ఒకటి టేకు చిటారు కొమ్మ దాకా దిగి, కిందికి ఒకసారి చూసి, మళ్ళీ రెక్కలు విప్పింది. నేను ఎగిరి దారికి అడ్డంగా నిలిచి, నివేదిక అడిగాను.

“నివేదికేంటమ్మాయ్? అక్కడ ఏముంది? అన్నీ ఎముకలే.”

“పరీక్షించకుండా ఎలా వెళ్తారు?”

“బక్కవాటికి మేమెప్పుడు దిగాం? మా తాతల కాలం నుంచీ అంతే.” అతని గొంతులో మోసం లేదు. నా అమాయకత్వం మీద కొంచెం జాలి ఉంది.

“అయితే ఆ నూట పన్నెండు?”

“కండ పట్టినవి చూసుకునే దిగాంగా. ఎవరైనా అంతే కదమ్మా, ఆకలి వేసినప్పుడు?”

అతను వెళ్ళిపోయాడు. నేను ఆకు ముందు కూర్చున్నాను. చూసి మూసుకున్న కన్ను గుడ్డికన్నుకంటే చీకటని మా అమ్మమ్మ అనేది. ఆ మాట గుడ్లగూబల గురించి అనుకుని ఇన్నాళ్ళూ నేను వాటినే పరీక్షగా చూస్తూ వచ్చాను.

అధ్యక్షుల దగ్గరకు వెళ్ళి, దుప్పి చనిపోయిందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. అప్పటికే ఆయన మెడ మరీ సన్నబడి ఉంది.

“దుప్పి చనిపోయిందని ఎవరన్నారు?”

“నేను చూశాను.”

“నువ్వు రాబందువా?”

నేను రాబందును కాను. ఆ నియమాన్ని ఎంతో పొందికగా రాసినదాన్ని నేనే. అందులో ఎక్కడా సందు లేదని అప్పట్లో నన్ను నేను మెచ్చుకున్నాను. ఇప్పుడు వెతికితే నిజంగానే లేదు.

అక్కడి నుంచి వాగు దగ్గరకు ఎగిరి వెళ్ళాను. ఇప్పమ్మ పరుగెత్తుతోంది. పరుగు అనడం నా మర్యాద. పొట్టను ఒక పక్కకు ఒరగేసుకుని, పది అడుగులకొకసారి ఆగుతోంది. నాలుగు మడతలలో రెండున్నర మిగిలాయి. ఆమె గుహలోకి పోవడానికి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. మరునాడు ఆమెకు మళ్ళీ పరీక్ష. అప్పటికీ మితి మించి ఉంటే పరుగు మూడు పూటలకు పెరుగుతుంది.

పరీక్షకు వచ్చిన రాబందు ఆకలితో తూలుతున్నాడు. ఇప్పమ్మ డొక్క పట్టుకుని, వదలలేక వదిలి, రెండున్నర అని చెప్పాడు. నేను ‘ఒకటి’ అని రాశాను.

నా జీవితంలో అది మొదటి అబద్ధం. గీత ఎర్రగానే తేలింది. పక్కనున్న సత్యాలకూ దానికీ రంగులో వీసమెత్తు తేడా కనిపించలేదు.

పరుగు నుంచి విముక్తి దొరికిన ఇప్పమ్మ ఆ పదిహేను రోజులూ చెదపుట్టలు తవ్వి, తేనెపట్లు దులిపి తింది. నేను పైకొమ్మ మీద కాపలా కూర్చున్నాను. చూసినదాన్ని చూడనట్టు ఉండటంలో నాకు అప్పటికే చాలా అనుభవం ఉండటం వల్ల శ్రమ తెలియలేదు. ఒకసారి ఆమె తల ఎత్తి, మూతికంటిన తేనె నాక్కుంటూ నన్ను అడిగింది.

“ఇంతకీ గుండెలెందుకు ఆగుతున్నాయే?”

“తెలియదు అత్తా.”

“ఇదొక్కటి నీ పుస్తకంలో రాసి ఉంటే ఎంత బాగుండేది,” అని మళ్ళీ పుట్టలో మూతి పెట్టింది.

కొవ్వు నిరపరాధి అని నేను ఇప్పటికీ అనడం లేదు. దాన్ని విచారించిన న్యాయస్థానం ఇంకెవరినీ పిలవలేదని మాత్రమే అంటున్నాను. ఆ న్యాయస్థానపు గుమాస్తాను నేనే కనుక ఈ మాట కొంచెం మెల్లగా అంటున్నాను.

ఇప్పమ్మ గుహలోకి వెళ్ళింది. పుష్యమాసం చలి ఆ ఏడు గట్టిగా పట్టింది. వెచ్చదనానికి ఒంటిలో ఏమీ లేని కుందేళ్ళు ముందు రాలాయి. తరువాత కొండముచ్చులు, ఆపైన దుప్పులు. లోయలో పడినవి పడినట్టే ఉన్నాయి. ఒక్క రాబందూ దిగలేదు. దస్తరంలో రెండు నెలల ఆకులు ఖాళీగా మిగిలాయి. మృగరాజుకు దొరికే వేట నార నమిలినట్టు ఉంటోందట. ఆయన మడతలు మూడయ్యాయి. మంచి కొవ్వు లోపలికి ఇంకుతుందని, అది ఇంకా మంచిదని అధ్యక్షులు ధైర్యం చెప్పారు.

రెండు నెలలుగా ఒక్క చావు కూడా లేదన్న వార్త మృగరాజును కదిలించింది. మాఘ పూర్ణిమనాడు మృత్యుంజయోత్సవం జరపాలని ఆజ్ఞ అయింది. పొద్దున్నే సభ తీరింది. ఒకప్పుడు కూర్చోవడానికి చోటు దొరకని మైదానంలో ఆ రోజు ఎవరికి కావలసినంత చోటు వారికి దొరికింది. లోయ వైపు నుంచి గాలి వీచింది.

మృగరాజు ముక్కు ముడిచి, ఆ వాసన ఏమిటని అడిగాడు. అందరూ నా దస్తరం వైపు చూశారు. నేను ఖాళీ ఆకులు ఎత్తి చూపాను. చావు వాసన అయ్యే అవకాశం లేదని, కారణం మరేదో అయి ఉండాలని, దాని కోసం వేరే సంఘం వేయాలని సభ తీర్మానించింది.

దీర్ఘకంఠుడు బండ ఎక్కారు. నలభై రోజులుగా ఆయన ఏమీ తినలేదు. తినదగినది అడవిలో లేకుండా చేసిన కృషి ఆయనదే.

“ప్రభూ, మన అడవిలో ఇక చావు...” అని కళ్ళు మూసుకున్నారు.

ఆయన ఆలోచిస్తున్నారనుకుని మేమంతా భక్తితో ఎదురుచూశాము. కొంతసేపటికి ఆయన బండమీద నుంచి జారి, ఎండుటాకంత చప్పుడుతో కింద పడ్డారు. గుండె ఆగింది. పైకొమ్మల మీద ఉన్న రాబందులు మెడలు సాచి, తమ పెద్దను కిందికీ పైకీ చూశాయి. ఆయన ఒంటిమీద అర మడత కూడా లేదు. ఒక్కటీ దిగలేదు.

“అధ్యక్షులకేమయింది?” అని మృగరాజు అడిగాడు.

“నివేదిక రాలేదు ప్రభూ,” అన్నాను.

అంతకంటే చెప్పడానికి నాకు అధికారం లేదు. సభ ఊపిరి పీల్చుకుంది. ఉత్సవం కొనసాగింది.

అప్పుడే వాగు దాటి ఇప్పమ్మ వచ్చింది. ఆమెను పోల్చుకోవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. చర్మం వదులుగా వేలాడుతోంది. వీపు మీద గోరెడు కొవ్వు కూడా మిగల్లేదు. అది ఉండిన చోట ఇద్దరు పిల్లలు బొచ్చు పట్టుకుని కూర్చుని, సభను ఆశ్చర్యంగా చూస్తున్నారు.

ఆమె నేరుగా నా కొమ్మ కిందికి వచ్చింది.

“వీళ్ళని రాస్తావా గోరంకమ్మా?”

దస్తరం మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా తిప్పాను. బతికినవారిని రాయడానికి అందులో చోటే పెట్టలేదు. కట్టినది నేనే కనుక ఎవరినీ నిందించలేకపోయాను.

ఇప్పమ్మ చూపు బండ కిందికి పోయింది. “ఆయన?”

“నివేదిక రాలేదు అత్తా.”

“పోనీలే,” అంది, పిల్లల్ని వీపు మీద సర్దుకుంటూ. “మా అమ్మ ఒక్కతే తిరుగుతోందని దిగులుపడ్డా. తోడు దొరికింది.”

ఆమె చెదపుట్టల వైపు వెళ్ళిపోయింది. నేను ఇప్పటికీ లేఖికనే. జీతం లేదు గాని గౌరవం పెరిగింది. హృదయ పరిశోధక సంఘం ప్రతి పక్షమూ సమావేశమవుతూనే ఉంది. దస్తరం ప్రకారం దీర్ఘకంఠుడు సజీవుడు కనుక ఆయనే అధ్యక్షుడు. ప్రతి తీర్మానాన్నీ ఆయన మౌనంగా ఆమోదించినట్టు నేను ఎర్రగా రాస్తున్నాను.

కథకు నీతి ఉండాలంటారు కనుక చెబుతున్నాను: చిరంజీవి కాదలచినవాడు బక్కచిక్కి చావవలెను.